కువైట్ నోటుబుక్కులో తప్పు మాట వెంట: గుర్రంకొండ నుంచి కుప్పం దాకా ఒక రోజు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడింటినీ ఒకే రోజు బస్సుల్లో చుట్టి రావాలని బుద్ధి ఉన్నవాడెవడూ అనుకోడు. నేను అనుకున్నాను. గుడికీ కాదు, పెళ్ళికీ కాదు, టమోటా ధర కనుక్కోవడానికీ కాదు. పదిహేనేళ్ళ కిందట కువైట్‌లో నేను చేసిన ఒక కొంటె పనికి కాళ్ళు మొలిచి, అది చేతులు మారి, ఊళ్ళు మారి, చివరికి ఎవరో ఒక ఆడమనిషి పెట్టెలో కూర్చుని మళ్ళీ కువైట్‌కే ప్రయాణం కట్టింది. ఆమె ఊరు దాటేలోపు దాన్ని పట్టుకోవాలి. పొద్దున బయల్దేరేటప్పుడు నాకు ఆమె పేరూ తెలియదు, ఊరూ తెలియదు. ఏ బస్సు ఎక్కితే ఎంతసేపు పట్టిందో, ఎక్కడ ఏం తిన్నానో, ఎవరి చేత ఎన్ని మాటలు పడ్డానో వరుసగా చెబుతాను. మీకు ఆ వైపు పని పడితే పనికొస్తుంది.

ముందు మా మేనకోడలు సుజాత గురించి చెప్పాలి. మా అక్క కూతురు. నేను తొమ్మిదో తరగతిలో వదిలేసిన చదువంతా కూడా తనే చదివేసింది. హైదరాబాదులో యూనివర్సిటీలో పాఠాలు చెబుతుంది. ఆమె పట్టుకున్న విషయం వింటే మీరు నవ్వుతారు. నేనూ నవ్వాను. కొన్ని వందల ఏళ్ళ కిందట అరబ్బు దేశాలకు పోయిన యూరప్ వాళ్ళు, ఓడల మీద పనిచేసేవాళ్ళు, వ్యాపారులు, యాత్రికులు, అక్కడ విన్న మాటల్ని తమ లిపిలో చిట్టాలు రాసుకున్నారట. రొట్టెకి ఇది, నీళ్ళకి ఇది, గాడిదకి ఇది అని. ఆ చిట్టాలు చూసి, అప్పట్లో అరబ్బులు ఇళ్ళలో, సంతల్లో నిజంగా ఎలా మాట్లాడేవాళ్ళో కనిపెట్టడం ఈమె పని. "అరబ్బు పండితులే బోలెడు పుస్తకాలు రాసుంటారు కదే, అవి చూసుకోవచ్చు కదా" అన్నాను. "పండితుడు ఎలా మాట్లాడాలో రాస్తాడు మామా. వ్యాకరణం తెలియని పరాయివాడు చెవిన పడింది పడినట్టు రాస్తాడు. నాకు వాడే కావాలి" అంది. చదువు రానివాడికి యూనివర్సిటీలో ఇంత మర్యాద ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

అలాంటి చిట్టాలు మావాళ్ళూ రాస్తారని ఆమెకు చెప్పింది నేనే. మా వైపు నుంచి కువైట్‌కి ఇంటిపనికీ డ్రైవరు పనికీ పోయేవాళ్ళు, అక్కడ పనిచేసి వచ్చినవాళ్ళ దగ్గర ఒక నోటుబుక్కు అడిగి తెచ్చుకుంటారు. అందులో తెలుగు అక్షరాల్లో అరబ్బీ మాటలుంటాయి. చూసి చేత్తో కాపీ రాసుకుని, పుస్తకం తిరిగి ఇచ్చేస్తారు. ఫోన్‌లో ఫొటో తీసుకోవచ్చు కదా అంటే, రాస్తేనే నోటికి వస్తుందంటారు. సుజాత అలాంటివి నాలుగు సంపాదించి పెట్టమంది. నేను ఏడేళ్ళు అక్కడ కారు తోలినవాణ్ణి కాబట్టి, మా పాత కువైట్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అడిగాను. మర్నాడు సాయంత్రం ఒక పేజీ ఫొటో వచ్చింది. కింద "ఈయక్క రేపు సాయంత్రం బండికి పోతాండాది, దీంట్లోనే నేర్చుకుంటాండాది, అందరూ దీవించండి" అని రాసి ఉంది. పెట్టినాయన్ని అడిగితే తనకి ఇంకెవరో పంపారన్నాడు. ఆ ఇంకెవరికో మరొకరు పంపారట. దీవెనలు మాత్రం నలభై దాకా వచ్చాయి.

ఫొటో చూసి సుజాత ఫోన్‌లోనే గంతులేసింది. "పుస్తకాల్లో చేపని సమక్ అంటారు మామా, ఇందులో సిమిచ్ అని ఉంది. కోడిని దజాజ్ అనాలి, దియాయ్ అని ఉంది. కువైట్ వంటింట్లో అచ్చం అలాగే అంటారు. నా ఓడవాళ్ళు ఇంతకంటే బాగా రాయలేదు" అంది. తర్వాత పోలీసులా మొదలుపెట్టింది. "రాత ఆడమనిషిది, అంచున పసుపు మరక కూడా ఉంది. మాటలు మాత్రం మగవాడు తన గురించి చెప్పుకునేవి. అంటే ఒక మగవాడి పుస్తకం చూసి దించింది. ఒక్కచోట మాత్రం తలకిందులైంది. ఆకలిగా ఉంది అనే దానికి షబాన్ అని రాసుంది. షబాన్ అంటే కడుపు నిండిందని కదా? ఇలాంటి తప్పు మాకు బంగారం మామా. ఒకే తప్పు రెండు చిట్టాల్లో కనిపిస్తే, ఒకటి చూసి ఇంకొకటి రాశారని తేలిపోతుంది." ఆమెకు బంగారం. ఆ తప్పు నాది.

కువైట్‌లో నేనున్న ఇంట్లోనే తోటపనికి మదనపల్లె నుంచి రెడ్డెప్ప అని ఒకడు దిగాడు. మంచివాడు, కానీ కడుపుకి అడుగు లేదు. శుక్రవారం యజమాని విందు ముగిశాక పనివాళ్ళందరికీ పంపే తాంబాళంలో మాకు ఎముకలు మిగిలేవి. వచ్చిన వారంలోనే వాడు కొత్త నోటుబుక్కు పట్టుకుని నా మంచం పక్కన కూర్చుని, మాటలు చెప్పమన్నాడు. అన్నీ సరిగ్గానే చెప్పాను, ఒక్కటి తప్ప. ఆకలైతే షబాన్ అను, కడుపు నిండితే యూవాన్ అను అని తిరగేసి రాయించాను. వాడు మరుసటి రోజు వంటాయన ముందు నిలబడి పొట్ట తట్టుకుంటూ షబాన్, షబాన్ అన్నాడు. వంటాయన సంతోషించి ప్లేటు తీసేశాడు. మూడో రోజుకి వాడికి సంగతి తెలిసింది. నన్ను వీధంతా తరిమాడు. ఇద్దరం నవ్వుకున్నాం. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఇప్పుడు ఎవరో ఒకామె అదే మాట బట్టీ పట్టి, ఊరుకాని ఊళ్ళో, పరాయి ఇంట్లో ఆకలేసినప్పుడు కడుపు నిండిందని చెప్పబోతోంది. మగవాళ్ళ గదిలో అది మూడు రోజుల తమాషా. ఒక్కతే పనిమనిషి ఉన్న ఇంట్లో ఎన్ని రోజులవుతుందో ఎవరు చూశారు? వెంటనే గ్రూపులో రాశాను, ఆ మాట తప్పు, మార్చుకోమని. జవాబులు చూడాలి. "మళ్ళా మొదలుపెట్టినావా శంకరన్నా." "ఈసారి ఎవుర్ని పస్తు పెడతావు?" నవ్వు బొమ్మలు వరదలా వచ్చిపడ్డాయి. ముప్పై ఏళ్ళుగా నేను ఊరిని ఏడిపిస్తున్నాను కదా, నిజం చెప్పినా అది కొత్త వేషమనే అనుకుంటారు. ఇక మనిషి వెళ్ళి చెప్పడం తప్ప దారి లేదు.

పొద్దున ఆరు లోపు గుర్రంకొండలో బస్సెక్కాను. గంటకి అటూఇటూగా మదనపల్లె. ఆడవాళ్ళకి టికెట్టు లేదు కాబట్టి టికెట్టు కొన్న మగవాళ్ళందరం నిలబడ్డాం, కొననివాళ్ళు కూర్చున్నారు. మీరూ కాళ్ళు సిద్ధం చేసుకోండి. బస్టాండు నుంచి టమోటా మార్కెట్‌కి షేర్ ఆటోలో పోవచ్చు. పొద్దున పూటే పోవాలి. క్రేట్ల కొండలు, వాటి మధ్య వేలం పాడేవాళ్ళ అరుపులు, లారీలకి ఎత్తే హడావిడి, అన్నీ అప్పుడే. మంచి ప్యాంటు వేసుకుని పోకండి, కొత్త చెప్పులతో అసలే పోకండి. రెడ్డెప్ప ఇప్పుడు ఒక మండీలో కాయలు గ్రేడు చేస్తాడు. నేను పోయేసరికి క్రేటు మీద కూర్చుని పూరీలు తింటున్నాడు. ఆకు మీద ఆరు కనబడ్డాయి. ముందు ఎన్ని వెళ్ళాయో దేవుడికి తెలియాలి.

ఫొటో చూపించాను. తలకాయ అటూ ఇటూ తిప్పి చూశాడు. "మాటలు నావే. వరస కూడా నాదే. రాత నాది కాదప్పా."

"నీ పుస్తకం ఎవరెవరికి ఇచ్చావురా?"

"ఒగే ఒగరికి. మా ఇంటామె అక్క, నాగరత్నమ్మొదిన. పుంగనూరు తావ ఉండాది. ఆమె పొయ్యే ముందర రాసుకోని, పుస్తకం మళ్ళా తెచ్చిచ్చింది. ఇది వదిన రాత గూడా కాదే. వదిన అచ్చరాలు సన్నంగా ఉంటాయి."

"నీ పుస్తకంలో ఆ షబాన్ దిద్దలేదా నువ్వు? మూడో రోజే తెలిసింది కదా నీకు!"

"దిద్దేదెందుకప్పా? నాకి తెలిసిపాయ కదా. అది నీ గురుతు. అప్పుడప్పుడు తీసి సూసుకోని నవ్వుకుంటా ఉంటి." అని నోటినిండా పూరీతో నవ్వాడు. నా ముఖం చూసి ఆపాడు. "వదిన గూడా ఆ మాటతోనే పొయ్యిందా?" అన్నాడు మెల్లగా. ఆకు మీద ఇంకా రెండు పూరీలున్నాయి. వాడు వాటిని ముట్టుకోలేదు. రెడ్డెప్ప ఆకు మీద వదిలెయ్యడం నేను చూడటం అదే మొదటిసారి.

మదనపల్లె నుంచి పుంగనూరుకి బస్సులకి కొదవ లేదు. ముప్పావుగంట, ఆగుతూ పోతే గంట. తొమ్మిదిన్నరకి దిగాను. నాగరత్నమ్మ ఇల్లు పుంగనూరు దాటి చౌడేపల్లె రోడ్డులో ఒక పల్లెలో ఉంది. ఖాదర్ అనే ఆయన ఆటో మాట్లాడుకున్నాను. పోయి రావడానికి, మధ్యలో ఆగడానికి కలిపి మూడొందలన్నాడు. నేను రెండొందలన్నాను. కువైట్‌లో పనిచేశానని తెలిసి రెండొందల యాభైకి దిగాడు. ఆయన జిద్దాలో పదేళ్ళు లారీ తోలాడట.

"నీళ్ళని మీరు ఏమంటారప్పా ఆడ?" అన్నాడు ఉన్నట్టుండి.

"మాయ్."

"సూడు మరి! మేము జిద్దాలో మోయా అంటాము. మా బామ్మర్ది కువైట్ పొయ్యొచ్చి మాయ్ అంటే, నీకి అరబ్బీ రాదు పోరా అని ఇంట్లో అందరి ముందర నవ్వినా. వాడూ నన్ను అట్లే అన్న్యాడు. రెండేండ్లు కొట్లాడుకున్యాము."

ఇది సుజాతకి చెప్పాలని ఫోన్‌లో పెట్టుకున్నాను. ఆమె వందల ఏళ్ళ నాటి కాగితాల్లో వెతికేది పుంగనూరు ఆటోల్లో బామ్మర్దుల మధ్య దొరుకుతోంది. దారికి రెండు వైపులా టమోటా కట్టెలు, నేపియర్ గడ్డి, పాల క్యాన్లు కట్టుకున్న మోటారు సైకిళ్ళు. కంటికి చల్లగా ఉంటుంది. నాకు మాత్రం లోపల చల్లగా లేదు.

నాగరత్నమ్మ పాకలో ఆవుకి తౌడు పెడుతోంది. యాభై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. రెడ్డెప్ప స్నేహితుణ్ణని చెప్పుకుని ఫొటో చూపించాను. చూడగానే తౌడు చెయ్యి పైటకి తుడుచుకుంది. "ఇది మా కస్తూరి రాత. నా ఆడబిడ్డ, కుప్పంలో ఉండాది. నేను రెడ్డెప్ప పుస్తకం సూసి రాసుకునేటప్పుడు నా పక్కనే కూకోని అదీ రాసుకునింది. ఎప్పుడన్నా అక్కరకొస్తాదని." తర్వాత ఫొటో కింద ఉన్న వాక్యం చదివింది. "పోతాందా కువైట్‌కి? ఈ పొద్దే?"

"మీకు తెలియదా అక్కా?"

"మాటల్లేవప్పా. నాలుగేండ్లు. మా ఆయన పొయ్యినప్పుడు నేను ఆడ ఉండా. పాస్‌పోర్టు వాళ్ళ తావ ఉండె, పంపలే. నెల దినాలకి వస్తి. ఇది అందరి ముందర, అన్న సచ్చినా రాలే, అన్నకంటే దుడ్లే ఎక్కువయినాయి అనింది. అంతే. ఆ గడప మళ్ళా తొక్కలే." ఫొటోలో ఆ వరుస మీద వేలు పెట్టింది. "ఈ మాట ఇంగా ఇట్లే ఉండాదే. దిద్దుకోలేదే ఇది. దానికెవురు సెప్తారు?"

ఆమె లోపలికి పోయి తన నోటుబుక్కు తెచ్చింది. అట్ట ఊడి, దారంతో కుట్టి ఉంది. ఆ పేజీ తీసింది. షబాన్ మీద కొట్టేసిన గీత ఎంత గట్టిదంటే కాగితం చిరిగింది. పక్కన సన్నటి అక్షరాల్లో: "యూవాన్. కడుపు నిండితే షబాన్. పదకొండు దినాలు."

పదకొండు రోజులు. పొద్దున ఒక రొట్టె, టీ. మధ్యాహ్నం అడిగితే షబాన్ అనేది. ఆ ఇంటి ముసలామె తలూపి, దేవుడికి దండం పెట్టి పోయేది. ముసలామె పిసినారిదని ఈమె అనుకుంది, ఇండియా మనిషి తిండి పెద్దగా తినదని ముసలామె అనుకుంది. పన్నెండో రోజు పొయ్యి దగ్గర కూలబడిపోతే ముసలామె వచ్చి పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, ఖాళీ ప్లేటు చూపించి యూవాన్ అంది, అన్నం ప్లేటు తినిపించి షబాన్ అంది. "నవ్వేసి, మళ్ళా ఏడ్సింది ముసిలిది. మంచిదే పాపం. ఇట్ల రాయించినోడు యా నా కొడుకో గానీ" అంది నాగరత్నమ్మ.

ఆ నా కొడుకు ఎదురుగా మంచం మీద కూర్చుని ఉన్నాడు. తిట్లు నాకు కొత్త కాదు, వాటికి ఎదురు జవాబులు కూడా నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఆ రోజు వాటిని పక్కన పెట్టాను. "రాయించింది నేనే అక్కా. మీకోసం కాదు, రెడ్డెప్ప కోసం. వాడు మా కూడంతా తినేస్తాడని" అన్నాను.

ఆమె నోటుబుక్కు మూసింది. లోపలికి పోయింది. వస్తూ వస్తూ ఒక పళ్ళెంలో రాగిసంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి, పప్పు పట్టుకొచ్చింది. "తిను" అంది. తిన్నాను. రెండో ముద్ద వేసింది. తిన్నాను. మూడోది వేసింది. సంగటి తిన్నవాళ్ళకి తెలుసు, మూడో ముద్ద అంటే శిక్ష.

"చాలక్కా."

"ఏమనల్ల ఇప్పుడు? అరబ్బీలో సెప్పు."

"షబాన్."

"ఇంగోసారి."

"షబాన్ అక్కా, షబాన్!"

"ఈ తూరి సరిగ్గా సెప్పినావు" అని పళ్ళెం తీసుకుంది. గుమ్మంలో ఖాదర్ నవ్వాపుకోలేక ఆటో వెనక్కి పోయాడు. నాగరత్నమ్మ మాత్రం నవ్వలేదు, కానీ కళ్ళలో పదును తగ్గింది. ఆ పుస్తకాన్ని పాలిథిన్ కవరులో చుట్టి నా చేతికిచ్చింది. "బిరీన పో. నేనిచ్చినానని మాత్రం సెప్పొద్దు." ఆమె దగ్గర కస్తూరి నంబరు లేదట. ఉన్నా చెయ్యనంది. ఇంటి గుర్తులు మాత్రం అడగకుండానే చెప్పింది. రైల్వే గేటు, దాని తర్వాత కుట్టుమిషన్ల అంగడి, పక్క సందులో మూడో ఇల్లు.

పుంగనూరు నుంచి కుప్పానికి నేరు బస్సు కోసం చూస్తూ కూర్చోకండి. పలమనేరు పోయి, అక్కడ వి.కోట మీదుగా పోయే కుప్పం బస్సు పట్టుకోండి. బస్సు వెంటనే దొరికితే మూడు గంటల లోపు, లేకపోతే పైన. నాకు పలమనేరులో ఇరవై నిమిషాలు పోయాయి. ఆ ఇరవై నిమిషాల్లో రెడ్డెప్ప ఎవరెవరినో అడిగి కస్తూరి నంబరు పంపాడు. వెంటనే చేశాను. "అమ్మా, మీ నోటుబుక్కులో ఆకలి అనే మాట ఉంది చూడండి" అన్నాను. "ఎవురు నువ్వు? ఆకలైతే మీ ఇంట్లో అడుగు" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే మోగలేదు. బ్లాక్ చేసింది. ఆమె తప్పేం లేదు, తెలియని మగవాడు ఫోన్ చేసి ఆకలి గురించి మాట్లాడితే మా ఇంట్లో ఆడవాళ్ళూ అదే చేస్తారు. వి.కోట దాటాక బోర్డుల మీద తమిళం, కన్నడం, తెలుగు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని కనిపిస్తాయి. గ్రానైట్ రాళ్ళ లారీలు అడ్డం వస్తే ఓపిక పట్టాలి. కుప్పంలో దిగేసరికి రెండున్నర. సాయంత్రం బండికి రెండు గంటల టైముంది.

కస్తూరికి ముప్పై అయిదు ఉంటాయి. గుండ్రటి ముఖం, గట్టి గొంతు. భర్త రాళ్ళ ఫ్యాక్టరీ నుంచి ఇంకా రాలేదు. పెట్టె సర్దేసి, దాని మీద కూర్చుని నోటుబుక్కు చూస్తూ పైకి చదువుతోంది. గుమ్మంలో నిలబడి, ఫోన్ చేసింది నేనేనని చెప్పగానే లేచి నిలబడింది.

"ఓ, ఆకలన్నా నువ్వేనా? ఇంట్లోకే వచ్చేస్తివే."

ఉన్నదున్నట్టు చెప్పాను. ఆకలికి యూవాన్ అనాలి, షబాన్ అంటే పస్తులుంటావు అని. ఆమె చేతులు కట్టుకుని వింది. "నువ్వు గ్రూపులో జోకులేసే శంకరన్నే కదా? మా మరిది సెప్పినాడు, ఒగాయన ఇట్ల ఆటలాడతాడు, నమ్మొద్దని. సరి, నా తావ ఫోను ఉండాది, సూస్తాము." ఫోన్‌లో తెలుగులో ఆకలేస్తోంది అంది. ఫోన్ అరబ్బీలో ఏదో జాయి అన్నట్టు పలికింది. కడుపు నిండింది అంటే ముమ్తలి అంది. రెండూ నేను చెప్పినవి కావు. కస్తూరి విజయంగా చూసింది. "నువ్వు ఒగటి అంటావు, పుస్తకం ఇంగొగటి అంటాది, ఫోను మూడోది అంటాది. ఫోనుకి నా మింద ఏం పగ అన్నా?"

నేను ఏం చెప్పను? ఫోన్ పండితుల అరబ్బీ మాట్లాడుతుంది, కువైట్ వంటింట్లో ఎవరూ అలా అనరు అంటే నమ్ముతుందా? సుజాతకి ఫోన్ కలిపి మాట్లాడించాను. సుజాత చక్కగా వివరించింది, యూరప్ వాళ్ళ దాకా పోయింది. "ఈమె గూడా నీతో కలిసిందా?" అంది కస్తూరి. టైము మూడుంబావు. నాకు నాగరత్నమ్మ మాట గుర్తొచ్చింది, తానిచ్చినట్టు చెప్పొద్దంది. చెప్పలేదు. కవరు విప్పి, పుస్తకాన్ని ఆమె పుస్తకం పక్కన పెట్టెమీద పెట్టాను.

ఆమె రెండు పేజీలు తిప్పి ఆగిపోయింది. ఒకే వరస. చక్కెర రెండింటిలోనూ రెండుసార్లు ఉంది, ఉప్పు రెండింటిలోనూ లేదు. ఒకే రోజు, ఒకే పుస్తకం చూసి, పక్కపక్కన కూర్చుని రాసినవి. తేడా అల్లా, ఒకటి అంచున ఆ పసుపుతో పెళ్ళి కార్డులా శుభ్రంగా ఉంది, ఇంకోటి నిండా గీతలు, దిద్దుళ్ళు, నూనె మరకలు. "ఇది మా వదినది" అంది. ఆ చిరిగిన చోటికి వచ్చింది. పైకి చదివింది. "పదకొండు దినాలు. అంటే?"

చెప్పాను. ఈసారి ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తగ్గించలేదు. రాయించింది నేనని కూడా చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. నన్ను చూడనైనా లేదు.

"అన్న ఫోను చేసినప్పుడు, వదిన బాగా తింటాండానని సెప్పేది. నేనూ ఇన్యా, పక్కనే ఉండి" అంది. కాసేపటికి, "పాస్‌పోర్టు ఈలేదని సెప్పింది, అన్న పొయ్యినప్పుడు. సాకులు సెప్తాందని నేను..." అని ఆపేసింది. వేలు ఆ చిరుగు మీదే ఉంది. నేను కుప్పం వచ్చింది ఒక మాట దిద్దడానికి. అక్కడ దిద్దుకుంటున్నది ఇంకేదో. నేను గుమ్మం బయట చెప్పుల దగ్గరికి జరిగాను.

ఆమె ఫోన్ తీసి స్పీకర్ పెట్టింది. నంబరు ఆమె దగ్గర ఉంది. నాలుగేళ్ళుగా చెరపలేదు. అటు వైపు తీసిన చప్పుడు వినిపించింది. కస్తూరి గొంతు సవరించుకుంది. బాగుండావా లేదు, క్షమించు లేదు. "వదినా, సిమిచ్ పక్కన ఏందో రాసి కొట్టేసినావు. కనపడ్లే. ఏంది అది?"

నాగరత్నమ్మ గొంతు స్పీకర్‌లో వచ్చింది. "చేప కడిగేటప్పుడు ముసిలామె అనే మాటలే. నీకి అక్కర్లేదు. పెట్లో ఊరుబిండి పెట్టుకున్న్యావా?"

"లేదు."

"తెలుసు నాకి. పెట్టుకో. పుస్తకం నాదే ఎత్తకపో. నీది ఆ మనిషి మొగాన కొట్టు."

కొట్టలేదు, చేతికే ఇచ్చింది. ఆ తర్వాత ముప్పావుగంట సేపు ఒక్కో దిద్దుబాటూ చదువుతూ, అడుగుతూ, ఒకరినొకరు కసురుకుంటూ కూర్చున్నారు, ఒకరు కుప్పంలో, ఒకరు చౌడేపల్లె రోడ్డులో. మధ్యలో ఎవరో ముక్కు చీదారు, ఎవరో చెప్పను. నేను పెట్టె మోసుకుని స్టేషన్‌కి నడిచాను. బండి కదిలేటప్పుడు కూడా ఆమె చెవికి ఫోన్ ఉంది. నాకు చెయ్యి ఊపింది, ఆ ఊపులో కొంచెం తిట్టు కూడా ఉంది.

రాత్రికి కుప్పంలోనే ఒక లాడ్జిలో ఉండిపోయాను. పొద్దున్నే సుజాతకి రెండు పుస్తకాల ఫొటోలూ పంపాను. వదిన పుస్తకం ఫొటోలు ప్లాట్‌ఫాం మీదే తీసుకున్నాను. శుభ్రంగా ఉన్నది చూస్తే ఎవరు ఎవరిని చూసి రాశారో తెలుస్తుందంది సుజాత. దిద్దుళ్ళు ఉన్నది చూస్తే మనుషులు ఎలా బతికారో తెలుస్తుందని నేనన్నాను. అది వ్యాసంలో పెట్టుకుంటానంది, నా పేరు వెయ్యొద్దన్నాను. ఆ ఓడల్లో పోయిన యూరప్ వాళ్ళకి మాటలు చెప్పినవాళ్ళలో నాలాంటివాడు ఒక్కడైనా ఉండే ఉంటాడని నాకు అనుమానం. ఎవడో రొట్టెకి రాయి అని చెప్పి, పక్కకి తిరిగి నవ్వుకుని ఉంటాడు. వాడికి కుప్పం బస్సెక్కే అవకాశం దొరకలేదు, పాపం. నాకు దొరికింది. ముప్పై ఏళ్ళ నా కొంటెతనంలో నేను చేసిన ఒక తప్పుని, నా కంటే ముందే ఒక మనిషి తన ఆకలితో దిద్ది పెట్టుకుని ఉంది. నేను దాన్ని మోసుకుపోయానంతే. ఆ రోజు మొత్తానికి నేను చేసిన బరువు పని అదీ, ఆ పెట్టే.

ఇక మీకు ఒకే ఒక సలహా. పరాయి దేశం పోతూ ఎవరి దగ్గరైనా మాటల పుస్తకం అడిగి తీసుకునేటప్పుడు, శుభ్రంగా ఉన్నదాన్ని తీసుకోకండి. గీతలూ మరకలూ చిరుగులూ ఎక్కువ ఉన్నదే అడగండి, దాని మనిషిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో కొట్టివేతా ఎందుకు పడిందో అడిగి తెలుసుకున్నాకే రాసుకోండి.